చేపకి నీళ్ళా.. నీళ్ళకి చేపా?

పొద్దున పదింటికి స్టాండప్ కాల్. కెమెరా ఆన్‌లో ఉంది. మా మేనేజర్ నా అప్‌డేట్ అంతా విని, చివర్లో "నీ వెనకాల ట్యాంకులో చేపలేంటి, కదలట్లేదు?" అన్నాడు. వెనక్కి తిరిగి చూశా. ఇరవై నియాన్ టెట్రాల్లో పదకొండు పైన తేలుతున్నాయి. మిగతా తొమ్మిది సాయంత్రానికి తేలాయి.

రెండేళ్ళ కిందటి మాట ఇది. మాది వెలిగండ్ల. కనిగిరి పక్కన. మా మండలం పేరు మీరు వినుంటే వాన పడలేదనే వార్తలోనో, ఫ్లోరైడ్ వార్తలోనో వినుంటారు. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యాన నెలలో మూడు వారాలు ఇంట్లోనే ఉంటా. రోజంతా స్క్రీన్ చూసే కళ్ళకి కాస్త పచ్చదనం కావాలని, యూట్యూబ్‌లో జపాన్ వాళ్ళ ట్యాంకులు చూసి చూసి, మూడడుగుల గాజు ట్యాంకు ఒకటి తెప్పించా. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు. లెక్కేస్తే దాదాపు 160 లీటర్లు. ఇసుక, రాళ్ళు, గాజు కలిస్తే 200 కిలోలు దాటుద్ది. టీవీ బల్ల మీద పెడదామనుకునే వాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

టెట్రాలు ఎందుకు పోయాయో నాకు ఆ రాత్రికే అర్థమైంది. రెండు తప్పులు. ఒకటి, ట్యాంకులో నీళ్ళు పోసిన మూడో రోజే చేపలు వదిలా. చేప విసర్జించే అమ్మోనియా విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కాపురం పెట్టాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుద్ది. సర్వర్ కాన్ఫిగర్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లోకి డిప్లాయ్ చేసినట్టు చేశా. రెండోది ఇంకా పెద్దది. మా బోరు నీళ్ళలో టీడీఎస్ మీటర్ ముంచితే 1,380 చూపించింది. పీహెచ్ 8 పైనే. నియాన్ టెట్రా అమెజాన్ పైభాగపు వాగుల్లో పుట్టిన చేప. అక్కడి నీళ్ళలో కరిగిన లవణాలు దాదాపు ఏమీ ఉండవు, నీళ్ళు కాస్త పుల్లగా కూడా ఉంటాయి. దాన్ని తెచ్చి మా బోరు నీళ్ళలో వెయ్యడమంటే నన్ను తీసుకెళ్ళి సముద్రం నీళ్ళు తాగించడమే.

పరిష్కారం కూడా ఆ రాత్రికే దొరికింది అనుకున్నా. ఊళ్ళో ఆర్వో ప్లాంటు ఉంది. క్యాను నీళ్ళు మీటర్‌లో 60 చూపించాయి. ట్యాంకు నింపడానికి ఎనిమిది క్యాన్లు. వారానికి నాలుగో వంతు నీళ్ళు మార్చాలి, అంటే రెండు క్యాన్లు. పొద్దున్నే అమ్మకి చెప్పా, ఇకనుంచి వారానికి రెండు క్యాన్లు ఎక్కువ తెప్పించమని.

అమ్మ చేస్తున్న పని ఆపింది.

"చేపలకా?"

"ఆఁ. మన బోరు నీళ్ళు వాటికి పడవు మా."

"మనకి మాత్రం పడినయ్యా?" అంది. అంతే. మళ్ళీ పని చేసుకుంటా ఉంది.

వసారాలో నాయన మంచం మీద కూర్చోనున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. నేల మీద పడ్డ తువ్వాలు తియ్యాలంటే వంగలేడు, మంచం పట్టె పట్టుకుని మొత్తం ఒంటిని కిందికి దించాలి. మెడ తిప్పాలంటే భుజాలతో సహా తిరుగుతాడు. చిన్నప్పట్నించీ తాగిన నీళ్ళే అలా చేశాయి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చు అంటాయి మన దేశ ప్రమాణాలు. కనిగిరి చుట్టుపక్కల మా మండలాల్లో బోర్లు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. కాచి తాగితే పోయేది కాదది. కాస్తే నీళ్ళు ఆవిరై, ఉన్న ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుద్ది. నా టీడీఎస్ మీటర్‌కి అసలది కనపడదు కూడా. మీటర్ చెప్పేది మొత్తం ఎంత కరిగిందనే గానీ, ఏం కరిగిందని కాదు.

అలాంటి ఇంట్లో చేపలకి క్యాను నీళ్ళు అడిగా నేను. పైగా ఒక లీటరు మంచి నీళ్ళు తియ్యడానికి ఆర్వో మిషన్ రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ అమ్మే అంది, "ఈ నీళ్ళలో పుట్టి ఈ నీళ్ళలో పెరిగినయ్యి మన చెరువులో లేవా ఏంది? యాడో దేశం చేపల్ని తెచ్చి చంపడం ఎందుకు?"

అమ్మకి తెలీదు గానీ, ఆమె చెప్పిన దాన్ని బయట ప్రపంచంలో బయోటోప్ అక్వేరియం అంటారు. ఒక నదో, చెరువో, వాగో ఎంచుకుని, అక్కడి చేపలు, అక్కడి మొక్కలు, అక్కడి రాళ్ళతోనే ట్యాంకు కట్టడం. దీనికి అంతర్జాతీయ పోటీలు కూడా ఉన్నాయి. జపాన్‌లో తకాషి అమానో మొదలుపెట్టిన పద్ధతిలో అందం ముఖ్యం, ఏ దేశపు మొక్క పక్కన ఏ దేశపు చేపైనా ఉండొచ్చు. బయోటోప్‌లో అలా కుదరదు. అమెజాన్ చేప పక్కన ఆఫ్రికా మొక్క పెడితే తప్పు. నేను ఇంకో మెట్టు దిగా. నీళ్ళని మార్చను. ఈ నీళ్ళకి ఎవరు సరిపోతారో వాళ్ళే రావాలి.

ముందు రాళ్ళు. ఇక్కడ మాత్రం మా ప్రాంతం వాళ్ళం కాలరెగరేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అక్వేరియం కోసమని కిలోల లెక్కన అమ్మే స్లేట్ ఏంటనుకున్నారు? పలకరాయి. మార్కాపురం పలకలు. మీరూ నేనూ అ ఆలు దిద్దిన పలక. మార్కాపురం చుట్టూ పలకల ఫ్యాక్టరీల బయట ముక్కలు గుట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. అడిగితే బండి మీద పెట్టుకుని పొమ్మన్నారు. పలకరాయి నీళ్ళలో కరగదు, నీళ్ళ గుణం మార్చదు, పొరలు పొరలుగా చీలుద్ది కాబట్టి పేర్చితే అచ్చం మా వాగు ఒడ్డులా ఉంటది. రెండు జాగ్రత్తలు. రాయి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వెయ్యండి, బుసబుసా నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టు. అలాగే ఇత్తడి పొడి చల్లినట్టు మెరిసే మచ్చలుంటే ఆ ముక్క వదిలెయ్యండి, అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. బేతంచెర్ల నాపరాయి, కడప రాయి చూడ్డానికి బావుంటాయి గానీ సున్నపురాళ్ళు. మా నీళ్ళలో ఉన్న సున్నం చాలదా?

ఇసుక ఊరి వాగులోది. పదిసార్లు కడిగితే గానీ తేటపడలేదు. ఎండిన ఆకుల కోసం బాదం చెట్టు. విదేశాల్లో చేపలు పెంచేవాళ్ళు మన బాదం ఆకుల్ని ప్యాకెట్లలో కొనుక్కుంటారు. నీళ్ళకి టీ రంగు వస్తుంది, చిన్న చేపలు దాక్కుంటాయి. ఇక్కడా ఆన్‌లైన్‌లో పది ఆకుల ప్యాకెట్లు అమ్ముతున్నారు. మా బడి ముందు ఆయమ్మ రోజూ చీపురుతో ఊడ్చి తగలబెట్టేది అదే.

మొక్కల దగ్గర నేననుకున్న దానికంటే సులువైంది. ట్యాంకు మొక్కలకి పెద్ద తలనొప్పి కార్బన్ డయాక్సైడ్. చాలామంది దానికి సిలిండర్లు పెడతారు. మా నీళ్ళలో బైకార్బనేట్ దండిగా ఉంటది. వాలిస్నేరియా, హైడ్రిల్లా లాంటివి ఆ బైకార్బనేట్ నుంచే కార్బన్ లాక్కుంటాయి. రెండూ మన చెరువుల్లో పెరిగేవే. చెరువులో ఈతకి దిగితే కాళ్ళకి చుట్టుకునే నాచు చాలావరకు హైడ్రిల్లానే, రిబ్బన్ల లాంటి పొడుగాకులది వాలిస్నేరియా. సిలిండర్ లేదు, ఎరువు లేదు, రెండు నెలల్లో వెనక గాజు కనపడకుండా కమ్మేసింది. ఆకుల మీద తెల్లటి పొర గట్టింది, సున్నం. మొక్క కార్బన్ తీసుకుంటే మిగిలిన సున్నం ఆకు మీద పేరుకుంటదన్నమాట. వేలితో తుడిస్తే పోద్ది.

వీటితోపాటు వేళ్ళక్కర్లేకుండా తేలే సెరాటోఫిల్లం. ముందు వరసలో నీటి బ్రాహ్మి, నాలుగాకుల మార్సీలియా. నా ఫేవరెట్ మాత్రం అపోనోజెటాన్. ఎండాకాలం చెరువు నెర్రెలిచ్చినా దాని దుంప మట్టిలో పడుంటది. వాన పడి నీళ్ళు చేరగానే ఆకులు పైకి వచ్చేస్తాయి. మార్సీలియా అయితే ఇంకా మొండిది, దాని విత్తనాల లాంటి గట్టి గుళికలు ఏళ్ళ తరబడి ఎండలో పడున్నా నీళ్ళు తగిలితే మొలుస్తాయి. కరువు మండలంలో బతకడం నేర్చుకున్న మొక్కలివి. వీటి ముందు అమెజాన్ స్వోర్డ్ ఎందుకు చెప్పండి?

హైడ్రిల్లా గురించి ఒక మాట. మన ఖండపు ఈ మొక్క 1950ల్లో అక్వేరియం వ్యాపారం మీదుగా అమెరికాలోని ఫ్లోరిడా చేరింది. అక్కడ కాలవల్లోకి పోయి, ఇప్పుడక్కడ అతిపెద్ద కలుపుల్లో ఒకటి. వాళ్ళ దక్షిణాన ఉన్న అమెజాన్ వైపు నుంచి వచ్చిన సక్కర్ చేప మన కృష్ణలో ‘దెయ్యం చేప’ అయి జాలర్ల వలలు చింపుతోంది. చిన్నప్పుడు గాజు నాకుతూ ముద్దుగా ఉంటది, అడుగు దాటాక ట్యాంకులో పట్టదు, తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్ళలో కలిసిన డీఎన్‌ఏ ఆనవాళ్ళతో తూర్పు కనుమల చెరువుల్లో, వాగుల్లో దీని జాడ పట్టారు. పుణ్యానికని వదిలిన చేప ఎవరికీ పుణ్యం తేలేదు.

సరే, చేపలు.

ఎక్కణ్ణించి తేవాలి? నల్లమల వాగుల్లో జెయింట్ డానియోలు, రాయిని పట్టుకుని ఏటికెదురు నిలబడే గర్రాలు ఉంటాయి. చూడ్డానికి వెళ్ళొచ్చు, పట్టడానికి కాదు. అది పులుల అభయారణ్యం, అక్కడ చేప కాదు గదా ఆకు కూడా ముట్టుకోకూడదు. ఊరి చెరువు హక్కు చేపలు పట్టే సొసైటీది. కాబట్టి సొసైటీలో వల వేసే ఒకాయన్ని పట్టుకున్నా. వరసకి మామ అవుతాడు.

"మామా, చిన్న చేపలు కావాల. పరిగెలు, అట్టాంటియ్యి."

"ఎన్ని కిలోలు?"

"కిలోలు కాదు మామా, ఓ నలభై చేపలు. బతికినయ్యి."

నన్ను కాసేపు చూశాడు. "హైదరాబాదులో పని పోయిందా అబ్బయ్యా?" అన్నాడు, చాలా జాలిగా.

ఆ చిన్న చేపలకి ఆయన దగ్గర విలువ లేదు. చెరువులో పిల్లలు పోసేది బొచ్చె, శీలావతి. వలలో పడే పరిగెలు, పక్కెలు ఇంటికి కూరకి పోతాయి, లేదంటే గట్టు మీద కొంగలకి. దోమతెర గుడ్డతో నాలుగుసార్లు తోడి బకెట్ నింపిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

బకెట్లో ఏమేం ఉన్నాయో తేల్చడానికి నాకు మూడు రోజులు పట్టింది. వెండి ఒంటి మీద రెండు నల్ల చుక్కలు, ఒకటి మొప్పల వెనక, రెండోది తోక మొదట్లో ఉంటే టిక్టో బార్బ్. ఒంటి పొడుగునా నల్ల గీత ఉంటే రాస్బోరా డానికోనియస్. లోపలి వెన్నెముక కూడా కనపడేంత గాజు ఒళ్ళుంటే గ్లాస్ ఫిష్. ఇదే గాజు చేపకి సూదితో రంగులెక్కించి ‘పెయింటెడ్ గ్లాస్ ఫిష్’ అని షాపుల్లో అమ్ముతారు, దయచేసి కొనకండి, సూది పోటుకి చాలావరకు చస్తాయి. ఇసుకలో కళ్ళు మాత్రం బయటపెట్టి దాక్కునే చిన్న లోచ్‌లు మూడు. ఇంకా నీటి పైపొరలో తిరిగే సన్నటి చేపలు ఓ డజను. అవి పాంచాక్స్ అనుకున్నా. దోమ పిల్లల్ని తినే మన నాటు చేప అది. సంబరపడిపోయా.

ఈ పేర్ల వెనక ఒక కథ ఉంది. టిక్టో, డానికోనియస్, జీబ్రా చేప, ఇవన్నీ 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే డాక్టరు గంగా నది చేపల మీద రాసిన పుస్తకంలో మొదటిసారి శాస్త్రానికి ఎక్కాయి. మన తెలుగు పేర్లు కూడా ఎక్కడం ఉంది. 1803లో ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో అక్కడి జాలర్లు పిలిచే పేర్లే రాసుకున్నాడు. 1875-78 మధ్య వచ్చిన ఫ్రాన్సిస్ డే పుస్తకంలో చేప తర్వాత చేపకి తెలుగు పేరు, తమిళ పేరు ఇచ్చాడు. రెండూ స్కాన్ అయి ఉచితంగా దొరుకుతాయి. నూటయాభై ఏళ్ళ కిందట ఓ తెల్లాయన చెరువు గట్టున నిలబడి ‘దీన్నేమంటారు?’ అని అడిగితే మనోళ్ళు ఠక్కున చెప్పారు. నేను మాత్రం అదే చేపని గూగుల్ లెన్స్‌ని అడుగుతున్నా.

కొత్త చేపల్ని రెండు వారాలు విడిగా టబ్బులో ఉంచా. చెరువు చేపలు పురుగులు తెస్తాయి, తెల్లమచ్చలు తెస్తాయి. తర్వాత ట్యాంకులోకి. ఈసారి ఫిల్టర్ ఆరు వారాలు ముందే నడిచుంది కాబట్టి ఒక్కటి కూడా చావలేదు.

మూడు వారాలకి బార్బ్‌ల తోకలు చిరగడం మొదలైంది. ముందు జబ్బనుకున్నా. నీళ్ళు మార్చా, ఉప్పేశా. ఓ రాత్రి లైటాపి ఫోన్ టార్చ్‌తో కూర్చుంటే దొరికారు దొంగలు. నా ముద్దుల పాంచాక్స్‌లే. వెనక నుంచి వచ్చి తోక కొరికి పోతున్నాయి. మర్నాడు అదే గుంపులో ఈనెపుల్లంత పిల్లలు ఇరవై. పాంచాక్స్ గుడ్లు పెడుతుంది. ఇవి పిల్లల్ని కన్నాయి. అంటే పాంచాక్స్ కాదు. గాంబూసియా.

గాంబూసియా మీకు తెలుసు. దోమల నివారణకని ఆరోగ్య శాఖ వాళ్ళు బావుల్లో, చెరువుల్లో వదిలే చేప. అమెరికాది. మలేరియా కోసం వందేళ్ళ కిందటి నుంచీ దేశదేశాలకి పంచారు. దోమ పిల్లల్ని తినేమాట నిజమే, దాంతోపాటు పక్కనున్న చేపల గుడ్లు, పిల్లలు, తోకలు కూడా తింటది. తేడా చూడ్డం చాలా తేలిక, నేనే చూడలేదు. పాంచాక్స్‌కి నడినెత్తి మీద వెండి బొట్టు ఉంటది, పై నుంచి చూస్తే చిన్న ఎల్‌ఈడీ బల్బులా మెరుస్తుంది. గాంబూసియాకి అది ఉండదు. నా బకెట్లో ఉన్న డజనులో బొట్టున్నది ఒకటంటే ఒకటి.

పన్నెండుకి ఒకటి. బకెట్‌తో చేసిన లెక్క సర్వే కాదని నాకు తెలుసు. కానీ ఆ రోజు కాస్త దిగులేసింది. ఊరి చెరువు నుంచి ఊరి చేపలు తెచ్చా అనుకుంటే, దాంట్లో నాలుగో వంతు పైగా అమెరికా చేపలు. మామని అడిగితే జిలేబీ కూడా పడుద్ది అన్నాడు. జిలేబీ అంటే తిలాపియా, 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప. నియాన్ టెట్రాని పరాయిది అని వద్దనుకున్నా గానీ, పరాయివి నాకంటే ముందే చెరువులో కాపురాలు పెట్టాయి.

పదకొండు గాంబూసియాల్ని ఏం చెయ్యాలి? తిరిగి చెరువులో వదలకూడదు. చంపబుద్ధి కాలా. పెరట్లో వాడని సిమెంటు తొట్టి ఉంది, ఏ కాలవకీ కలవదు. అందులో వేశా. దోమలు తగ్గాయని అమ్మ సంతోషపడింది. ఆరోగ్య శాఖ వాళ్ళు కోరుకున్నదీ అదేగా.

ఈ గొడవంతా జరిగేటప్పుడు నేను గమనించని విషయం ఇంకోటి ఉంది. నాయన కుర్చీ. వసారాలో ఉండాల్సింది నా గదిలోకి వచ్చింది. ముందు సాయంత్రాలు, తర్వాత పొద్దున కూడా. మెడ తిరగదు కాబట్టి ట్యాంకుకి సరిగ్గా ఎదురుగా వేసుకుంటాడు. చేపలే అటూ ఇటూ పోతాయి, ఆయన కదలక్కర్లా. నేను కాల్‌లో ఉంటే గొంతు తగ్గించి చెప్తాడు, "అది చూడు, మొగది. వానల ముందు ఎర్రగయిద్ది." నిజంగానే జూన్‌లో మగ టిక్టోలు ఎర్రబారాయి. నేను పేపర్లు చదివి తెలుసుకున్న దాంట్లో సగం ఆయనకి గుడ్డ పట్టుకుని చెరువులో దిగిన రోజుల నుంచి తెలుసు. ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

మేలో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు 33 డిగ్రీలకి చేరాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టదు. 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైన పట్టే నీళ్ళు 35 దగ్గర 7 మాత్రమే పట్టగలవు. అదే వేడికి చేపకి ఆకలి, ఆయాసం రెండూ పెరుగుతాయి. అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నేను హైదరాబాద్‌లో ఉన్నా, వీడియో కాల్. చెంబుతో నీళ్ళు తీసి ఎత్తు నుంచి పొయ్యమన్నా అమ్మని. అమ్మ చేతిలోంచి చెంబు నాయన తీసుకున్నాడు. కుర్చీలో కూర్చునే, చెయ్యి ఎంత లేస్తే అంత ఎత్తు నుంచి, గంటంపావు పోశాడట. రెండు రాస్బోరాలు పోయాయి. మిగతావి బతికాయి. మర్నాడే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఆర్డర్ పెట్టా. మా దగ్గర ట్యాంకు పెట్టేవాళ్ళకి లైట్ కంటే ముందు కొనాల్సింది అది.

అప్పుడే అనుకున్నా, కరెంటుతో పనిలేని చేపలు ఉన్నాయి గదా అని. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి నేరుగా గాలి పీలుస్తాయి. మట్టగిడసల్లో ఒక చిన్న రకం మగది గుడ్లని నోట్లో పెట్టుకుని సాకుతుంది. నాయన మాట విని ఒక వేలెడు మట్టగిడసని వేశాం. మూడు రోజుల్లో రెండు టిక్టోలు మాయం. "అది మట్టగిడస, శాకాహారి ననుకున్నావా?" అన్నాడాయన, వెయ్యమన్నది తనే అయినా. దానికిప్పుడు విడిగా చిన్న ట్యాంకు ఉంది. రోజూ వంటింటి బొద్దింకలు పెడతాడు.

ప్రస్తుతం పెద్ద ట్యాంకు జాబితా: టిక్టోలు తొమ్మిది, రాస్బోరాలు ఆరు, గ్లాస్ ఫిష్ అయిదు, లోచ్‌లు మూడు, నడినెత్తి బొట్టున్న పాంచాక్స్ ఒక్కటి. దానికి జత దొరకలేదు ఇంకా. ఒంగోల్లో షాపు నుంచి జీబ్రా చేపలు పది తెచ్చా. మన దేశపు చేపే అది, లోకంలో సగం ల్యాబుల్లో బతుకుతోంది. 2013లో దాని జీనోమ్ మొత్తం చదివితే మన జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దాన్లో జోడీ దొరికింది. ఆ షాపాయన "ఎనిమిది బంగారం చేపలు, ఒక నల్లది, ఈశాన్యంలో పెట్టండి సార్" అని చాలా చెప్పి చూశాడు. మిస్ కేరళ కూడా చూపించాడు. డెనిసన్ బార్బ్, పశ్చిమ కనుమల వాగుల్లో తప్ప ఎక్కడా లేదు, అక్వేరియంల కోసం పట్టీ పట్టీ అంతరించే జాబితాకి చేర్చారు. అందమైనదే. మన నీళ్ళది కాదు.

నాయన మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "బొమ్మిడాయి లేదేందిరా?" పాములా పొడుగ్గా, వీపు మీద ముళ్ళుండే చేప. తన చిన్నప్పుడు మా చెరువులో ఉండేదట. మామని అడిగితే, ఏడాదంతా నీళ్ళుంటే గదా అదుండేది అన్నాడు.

మొన్న చలికాలంలో కారు మాట్లాడుకుని నాయన్ని కంభం చెరువుకి తీసుకెళ్ళా. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మకి రెండు కొండల మధ్య కట్ట వేస్తే అయిన చెరువు. కృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చారు. కట్ట మీద కుర్చీ వేసి కూర్చోబెట్టా. మనిషి మాట్లాడలేదు చాలాసేపు. అంత నీళ్ళు మేం ఎప్పుడో గానీ చూడం.

దిగేటప్పుడు చేపలమ్మే ఆమె గంపలో ఉన్నాయి, బొమ్మిడాయిలు. బకెట్లో రెండు ఇంకా కదుల్తున్నాయి. నేను అప్పటికే ఫోన్‌లో చూసేశా, రెండడుగులు దాటి పెరుగుద్ది, మూడడుగుల ట్యాంకులో తిరగడానికి కూడా చోటుండదు. ఆ మాటే చెప్పా. నాయన బకెట్ వైపు చూశాడు, నా వైపు చూడాలంటే భుజాలతో సహా తిరగాలి కాబట్టి తిరిగి మరీ చూశాడు.

"పెట్టెలోకి అని నేనెప్పుడన్నా? పులుసుకి."

కిలో తీసుకున్నాం. అమ్మ ఆ రాత్రి చింతపండు, పచ్చిమామిడి బదులు ఎండు మామిడి వరుగు వేసి పెట్టింది. అన్నం తిన్నాక నాయన చెయ్యి కడుక్కుని నా గదిలో కుర్చీలో కూర్చున్నాడు. లైటాపే టైమైంది. టిక్టోలు అప్పటికే రంగు తగ్గి మొక్కల్లో సర్దుకున్నాయి.

"ఒరే, ఆ గోడకి అయిదడుగుల పెట్టె పడుద్దా?"

"ఎందుకు నాయనా?"

"ఊరికే. ఎంతయిద్దో కనుక్కో."